తేలుపాడు తెప్పబడిలో గాడిద గుడ్డు

పరీక్షకు 26 రోజులు

అవతల నేల మీదుండే గట్టు కార్యాలయం వారి ఆజ్ఞ ప్రకారం ఈ రోజు నుంచి బడి దినచర్య రాస్తున్నాను. రాసేది సంగాడి వీరమణి, తేలుపాడు తెప్పబడి పంతులమ్మ, వయసు యాభై తొమ్మిది. పుస్తకం అట్ట మీద "ఉద్వేగాలకు తావివ్వక జరిగినది జరిగినట్లు రాయవలెను" అని అచ్చువేశారు. జరిగింది జరిగినట్టు రాస్తే ఉద్వేగాలు వాటంతటవే వస్తాయి, దానికి నేనేం చెయ్యను?

ఈ రోజు పాఠం భూచరాలు, జలచరాలు. బల్ల మీద నిలువుగా గీత గీసి, ఒక పక్క నేల జంతువులు, ఇంకో పక్క నీటి జంతువులు రాయమన్నాను. మా బళ్ళో ఉన్నది ఏడుగురు, అందరికీ ఆరేళ్ళే. నీటి పక్క నలభై మూడు పేర్లు రాశాక నేనే ఆపించాను. జెల్లల్లోనే ఆరు రకాలు చెప్పారు. మట్టగిడస ఏ నెలలో లావెక్కుతుందో కూడా చెప్పారు, నేనడగకుండానే.

నేల పక్కకి వచ్చేసరికి మొదలైంది అసలు సంగతి. సూరిబాబు గుర్రాన్ని తీసుకెళ్ళి నీటి పక్క రాశాడు. ఎందుకురా అంటే, "గుర్రపుడెక్క నీళ్ళలోనే గదండీ ఉంటది" అన్నాడు. మా తెప్పల చుట్టూ అల్లుకుపోయే ఊదాపూల మొక్కని తప్ప వాడు ఇంకో గుర్రపుడెక్కని ఎరగడు. డెక్కలంటే గుర్రం కాళ్ళకి ఉండేవిరా అని చెబితే, "కాళ్ళకి అంత మొక్క మొలిస్తే ఎట్టా పరిగెడతదండీ?" అని జాలిపడ్డాడు.

పేరంటాలు తేలుని నీటి పక్క రాసింది. ఈ పిల్ల మా పక్క తెప్పలో ఉండే ధనకొండ కూతురు. దాని బుర్రలోకి ఒక మాట దిగిందంటే లంగరే. "తేలుద్ది కాబట్టే తేలండి. మునిగేదైతే మునుగు అందురు" అంది. మన ఊరు తేలుపాడు కూడా తేలుతోంది కదా అని నన్నే ఎదురడిగింది.

నవ్వొచ్చిన మాట నిజమే. కానీ నవ్వే రోజులు కావివి. ఇరవై ఆరు రోజుల్లో గట్టు నుంచి పర్యవేక్షకుడు వస్తాడు. తరగతి మొత్తానికి పది ప్రశ్నలు వేస్తాడు. ఎనిమిది ఒప్పు కాకపోతే తెప్పబడి మూసేసి, ఏడుగురు పిల్లల్నీ గట్టు మీద హాస్టల్లో వేస్తారు. కిందటేడు పీతలంక తెప్పల పిల్లల్ని అలాగే పట్టుకుపోయారు. మూడు నెలలకోసారి ఇంటికి పంపుతారు. మొన్న వచ్చినప్పుడు చూశాను. తెప్ప అంచుకి రావడానికి భయపడుతున్నారు. కన్నతల్లుల్ని "మీరు" అంటున్నారు.

పరీక్షకు 24 రోజులు

ఈ రోజు గుడ్లు పెట్టే జంతువుల పాఠం. ఈ పాఠం చెప్పాల్సింది నేను కాదు, బోధిని. గట్టు వాళ్ళ నియమం అది: బోధిని చెప్పేది పాఠం, పంతులమ్మ చెప్పేది అభిప్రాయం.

బోధిని అంటే బియ్యం డబ్బా అంత ఆకుపచ్చ పెట్టె. గట్టు నుంచి పాఠాలు అందుకునే స్తంభం మూడేళ్ళ కిందట తుఫానుకి విరిగిపోయింది. బాగుచేయమని రాస్తే "పరిశీలనలో ఉన్నది" అని జవాబొచ్చింది. అప్పట్నుంచి ఆ పెట్టె తనకి తెలియనివన్నీ మా ఊరి మాటలు వింటూ నేర్చుకుంటోంది. చేపల విషయంలో దానికి తిరుగులేదు. చిక్కల్లా నేల జంతువులతోనే. ఉప్పుగాలికి బతకవని తెప్పల మీద కుక్కనీ పిల్లినీ కూడా ఉంచరు. యాభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఎవరూ ఏ నేల జంతువునీ చూడలేదు. అయినా తిట్టుకోవడానికి మాత్రం అన్నీ కావాలి.

పిల్లలు గుండ్రంగా కూర్చున్నారు. బోధిని గొంతు సవరించుకుని చదివింది: "గుడ్లు పెట్టునవి: తాబేలు, చేప, బాతు, గాడిద."

నేను తప్పు విన్నాననుకున్నాను. మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ గాడిదే అంది.

"గాడిద గుడ్డు పెట్టడమేంటి, నీ మొహం! పిల్లని కంటుంది!" అన్నాను.

"ఆధారాలు పరిశీలించితిని. ఈ ఊళ్ళో గాడిద ప్రస్తావన నాలుగు వందల పన్నెండుసార్లు వచ్చినది. అందులో గుడ్డుతో కలిసి రెండు వందల తొంభై ఏడు. గాడిద పిల్ల ప్రస్తావన రెండుసార్లు మాత్రమే. ఆ రెండూ పేరంటాలుని ఉద్దేశించినవి."

పేరంటాలు గర్వంగా చుట్టూ చూసింది.

ఎవరన్నారో ఆ మాటలు వినిపించమని అడగడం నేను చేసిన తప్పు. పిల్లలందరి ముందూ పెట్టె నా గొంతుతోనే పలికింది: "ఈ డబ్బా వచ్చి నాకు పాఠం నేర్పుద్దా, గాడిద గుడ్డు!" ఇంకోటి: "గట్టు వాళ్ళు స్తంభం బాగుచేత్తారంట, గాడిద గుడ్డు!" అలా వరసగా వస్తూనే ఉన్నాయి. రెండు వందల తొంభై ఏడులో నూట ముప్పై ఎనిమిది నావేనట.

అది ఉత్త తిట్టు, నిజం కాదు అని పిల్లలకి ఎంత చెప్పినా తలకెక్కలేదు. ఇంకొకర్ని అడుగుతామని లేచి, మా ఊళ్ళో పడవలు నడిపే పెద్ద సరంగు కొర్లయ్య దగ్గరికి గుంపుగా పోయారు. ఆయన వల కుట్టుకుంటున్నాడు. "తాతా, గాడిద ఏం పెడుద్ది?" అని ఏడుగురూ ఒక్కసారి చెవి దగ్గర అరిచేసరికి సూది వేలికి దిగింది.

"గాడిద గుడ్డు! పోండెహె అవతలకి!"

పిల్లలు తిరిగొచ్చి నాకు తీర్పు చెప్పారు. తాత కూడా అదే అన్నాడట.

పరీక్షకు 22 రోజులు

ఉదయం బోటుకి గట్టు కార్యాలయానికి ఫిర్యాదు పంపాను. "అయ్యా, గాడిద గుడ్డు పెట్టదు అని ఒక్క ముక్క ముద్ర వేసి పంపించండి. ఆ కాగితం బోధినికి చూపిస్తే పాఠం దిద్దుకుంటుంది. నాకు గాడిద విషయం అత్యవసరం" అని స్పష్టంగా రాశాను.

పరీక్షకు 18 రోజులు

జవాబు లేదు. ఊరందరినీ పిలిచి పెద్ద తెప్ప మీద కూర్చోబెట్టాను. పరీక్ష అయ్యేదాకా ఎవరి నోటా నేల జంతువు పేరు రాకూడదని కట్టడి పెట్టించాను. గాడిద, కుక్క, పంది, కోతి, దున్నపోతు, అన్నీ బందు. పిల్లల చెవిన తప్పుడు మాట పడకపోతే, పెట్టె లెక్క కూడా నెమ్మదిగా మారుతుందని నా ఆలోచన.

"అయితే మేం ఎట్టా మాటాడుకోవాలి పంతులమ్మా?" అని ధనకొండ అడిగింది. దాని బాధ నిజమైందే. ఊళ్ళో దాని నోటికి ఎదురు లేదు, నా తర్వాత.

పరీక్షకు 16 రోజులు

కట్టడి పెట్టాక ఊళ్ళో తగాదాలు సగానికి తగ్గాయి. మొదలవుతున్నాయి గానీ సాగడం లేదు. నిన్న ధనకొండకీ పొరుగున ఉండే నాగరత్నానికీ నీళ్ళ పీపా దగ్గర మాటామాటా వచ్చింది. ధనకొండ చెయ్యెత్తి "ఓసి..." అని ఆగిపోయింది. కాసేపు వెతుక్కుంది. చివరికి "ఓసి మట్టగిడసా!" అంది. "నువ్వే జెల్లవి! ముళ్ళ జెల్లవి!" అని నాగరత్నం అంది. పక్కనే ఉన్న పిల్లలకి కోపం వచ్చింది. మట్టగిడస ఏం తప్పు చేసిందని తిడుతున్నారని ఇద్దరినీ నిలదీశారు. ఇద్దరూ బిందెలు తీసుకుని ఇళ్ళకి పోయారు.

కొర్లయ్య తన లంగరు తాడు మీద తాడు వేసినవాణ్ణి పట్టుకుని "ఓరి... ఓరి..." అని ఎర్రబడిపోయి, నోట్లోకి వచ్చినవన్నీ మింగి, ఆఖరికి "ఓరి మనిషీ!" అన్నాడు. అవతలి వాడు నలభై ఏళ్ళ మగాడు. ఇంతమాట పడలేదు ఎప్పుడూ అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

నేను ఎంత బాధపడుతున్నానో ఎవరికీ తెలియదు. రోజుకి ఇరవైసార్లు నాలిక చివర దాకా వస్తోంది, మింగుతున్నాను. కడుపు ఉబ్బరంగా ఉంది.

పరీక్షకు 15 రోజులు

మధ్యాహ్నం గట్టు బోటు వచ్చింది. ముద్ర వేసిన కాగితం పంపారు. దాని మీద ఇలా ఉంది: "మీ అభ్యర్థన మేరకు గాడిద ఒకటి పంపడమైనది. ఆడది. నాలుగేళ్ళది. అందినట్లు సంతకము చేయవలెను."

గుడ్డు పెట్టదన్న ముక్క మాత్రం రాయలేదు.

బోటులోంచి దాన్ని దించడానికి తొమ్మిది మంది మగవాళ్ళు కావలసి వచ్చారు. తెప్ప ఊగగానే నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకీ చాపి నిలబడి, మెడ పైకెత్తి ఓండ్ర పెట్టింది. ఆ దెబ్బకి కొర్లయ్య నీళ్ళలో పడ్డాడు. పిల్లలు మాత్రం బెదరలేదు. "ఏడుత్తందండీ, ఇంటికాడ్నుంచి తీసుకొచ్చేశారని" అని పేరంటాలు దగ్గరికెళ్ళి దాని ముక్కు నిమిరింది. బుల్లెమ్మ అని పేరు కూడా పెట్టేశారు.

ఇక్కడ ఒక నిజం రాస్తాను. గాడిదని నేను చూడడం కూడా ఇదే మొదటిసారి. ఊరు మునిగి తెప్పలెక్కేనాటికి నాకు తొమ్మిదేళ్ళు. మా వీధిలో మేకలుండేవి, గాడిదలు లేవు. యాభై ఏళ్ళు దాని పేరుతో లోకాన్నంతా తిట్టాను. దాని కళ్ళు ఇంత పెద్దవని, చెవుల లోపల ఇంత మెత్తగా తెల్లగా ఉంటుందని నాకు తెలియదు. కొంచెం సిగ్గేసింది.

బుల్లెమ్మకి గుర్రపుడెక్క మేతగా పెట్టాం. తింది. "చూశారా, కాళ్ళకి డెక్కలు మొలిచేది అందుకే" అన్నాడు సూరిబాబు.

పరీక్షకు 9 రోజులు

ఈ రోజు నాకు తల తిరిగిపోయింది. పాత వలపీచుతో, కొబ్బరి తాళ్ళతో పిల్లలు గాడిద వెనకాల పెద్ద గూడు కట్టారు. అది చాలదన్నట్టు పగలంతా వంతులేసుకుని దాని దగ్గర కాపలా కూర్చుంటున్నారు. ఇద్దరు పొద్దున, ఇద్దరు మధ్యాహ్నం, ముగ్గురు సాయంత్రం. పక్కనే ఒక చెక్క. దాని మీద బొగ్గుతో గుండ్రంగా, వరసగా, పద్దెనిమిది గుడ్లు గీశారు. ఒకటి కూడా పెట్టకుండానే పద్దెనిమిది గీసేశారంటే, ఇక ఈ పిల్లల మనసులోంచి గుడ్డు తియ్యడం బ్రహ్మతరం కాదు.

గాడిద పిల్లని కంటుందని నేను మళ్ళీ చెప్పాను. బతిమాలాను. పేరంటాలు శ్రద్ధగా విని అడిగింది.

"మీరు చూశారాండి?"

"చూడకపోతేనేం? పుస్తకంలో ఉందే తల్లీ!"

"ఆయ్" అంది మర్యాదగా, కాపలాకి వెళ్ళిపోయింది.

పరీక్షకు 4 రోజులు

మిగతా పాఠాలు బాగానే వస్తున్నాయి. గుర్రం నేల మీదికి చేరింది. తేలు కూడా చేరింది, పేరంటాలు ఇంకా అనుమానంగా చూస్తున్నా. కప్ప ఉభయచరమని, అంటే నేల మీదా నీళ్ళలోనూ బతుకుతుందని అందరికీ నోటికి వచ్చింది. గాడిద దగ్గరే బండి ఆగిపోతోంది. పిల్లల్ని కంటుంది అని ఒక్క మాట చెప్పమంటే ఏడుగురూ పేరంటాలు వైపు చూస్తారు. అదేమో "నాకు తెలీదండి" అంటుంది.

కోపం ఆపుకోలేక దాని సంగతి చెప్పడానికి ధనకొండ తెప్పకి వెళ్ళాను. ధనకొండ కూతురిని ఒళ్ళో కాదు, ఎదురుగా కూర్చోబెట్టుకుంది. తన జడ తానే వేసుకోవడం నేర్పుతోంది. ఆ చిన్న చేతులు వెనక్కి అందడం లేదు. పాయలు జారిపోతున్నాయి. ధనకొండ విప్పి మళ్ళీ మొదలెట్టమంటోంది.

"ఏంటే ఇది?" అన్నాను.

"ఆడ గట్టు మీద ఎవరేత్తారు పంతులమ్మా దీనికి?" అంది. ఊరిని హడలగొట్టే గొంతు, చీమకి కూడా వినపడనంత చిన్నగా వచ్చింది.

చెప్పడానికి వచ్చింది చెప్పకుండానే తిరిగొచ్చేశాను. ఎలాగైనా ఎనిమిది ఒప్పు చేయించాలి. గాడిద ప్రశ్న అసలు రాకూడదని వంద దేవుళ్ళకి మొక్కాను.

పరీక్ష రోజు

పర్యవేక్షకుడి పేరు రత్నాకర్ గారు. రత్నాకరుడంటే సముద్రుడు. ఈయన మాత్రం తెప్ప మీద కాలు పెట్టగానే కళ్ళు తేలేశారు. రెండు చేతులా బడి గుంజ పట్టుకుని కూర్చుండిపోయారు. సన్నగా, నలభై దాటిన మనిషి. నిమ్మరసం ఇచ్చాం. కడుపులో నిలవలేదు. ఇంకోటి ఇచ్చాం. సూరిబాబు ఆయన్ని పరీక్షగా చూసి మిగతా పిల్లలకి చెప్పాడు.

"భూచరం. నీళ్ళ మీదకొత్తే ఇట్టాగే అయిపోద్ది."

ఆయన విన్నారు. కాదనే ఓపిక లేదు.

మొదటి అయిదు ప్రశ్నలూ గుక్కతిప్పుకోకుండా చెప్పారు పిల్లలు. నాకు ధైర్యం వచ్చింది. ఆరో ప్రశ్న, ఏనుగుకి తొండం ఎందుకు? "వినాయకుడిలాగ ఉండాలి గదండీ మరి" అన్నారు. తప్పు. ఏడో ప్రశ్న, ఎడారి ఓడ అని దేన్ని అంటారు? ఓడ అనగానే పిల్లలు ముందుకి జరిగారు. "ఎడారి ఏ రేవండీ? సరుకేంటండీ?" అని ఎదురు ప్రశ్నలు వేశారు. తప్పు. ఇక మిగిలిన మూడూ ఒప్పు కావాలి.

ఎనిమిదో ప్రశ్న, పండుగప్ప ఏ రకం జంతువు? రోజూ మా వలల్లో పడే చేపే కదా అని నేను ఊపిరి పీల్చుకున్నాను. ఏడుగురూ కోరస్‌గా "జలచరం!" అన్నారు. రత్నాకర్ గారు జవాబుల కాగితం చూసి తప్పు గుర్తు పెట్టారు.

"ఏంటండీ తప్పు?" నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

"ఉభయచరం అమ్మా. పండు, కప్ప. కప్ప ఉభయచరం కదా. ఇందులో అలాగే ఉంది."

అప్పుడు అర్థమైంది నాకు. గట్టు మీద కూడా ఒక ఆకుపచ్చ పెట్టె ఉందన్నమాట.

నేను నోరు తెరిచేలోగా సూరిబాబు నీళ్ళలోకి దూకాడు. తెప్ప కింద వలసంచిలో బతికున్న చేపల్ని ఉంచుతాం. అందులోంచి వాడి పొడుగే ఉన్న పండుగప్పని కావలించుకుని పైకొచ్చి, రత్నాకర్ గారి కాళ్ళ ముందు పడేశాడు. అది ఎగిరి ఆయన మోకాలిని కొట్టింది. ఆయన పక్కనున్న స్టూలెక్కారు.

"కాళ్ళెక్కడున్నాయండీ దీనికి? మీరే చూసుకోండి" అన్నాడు సూరిబాబు.

ఆయన స్టూలు మీద నుంచే చాలాసేపు చూశారు. కాళ్ళ కోసం వెతికారు. తరవాత కాగితం మీద తప్పు గుర్తు కొట్టేసి ఒప్పు పెట్టారు. "కళ్ళారా చూసింది కాదనలేను కదా" అని గొణుక్కున్నారు.

తొమ్మిదో ప్రశ్న మొసలి గురించి. చెప్పారు. ఒప్పులు ఏడు.

"పదోది. మీరు ఫిర్యాదు రాశారు కదమ్మా, అందుకే దీన్ని ప్రత్యేకంగా చేర్చారు" అని రత్నాకర్ గారు పేరంటాలు వైపు వేలు చూపించారు. "నువ్వు చెప్పు పాపా. గాడిద గుడ్లు పెడుతుందా, పిల్లల్ని కంటుందా?"

నా మొక్కులన్నీ గంగపాలు. ఫిర్యాదు రాసిన నా చేతిని నేనే కొట్టుకున్నాను. అవతల తెప్పల మీద ఊరంతా నిలబడి ఉంది. ధనకొండ చెంగు నోట్లో కుక్కుకుంది.

పేరంటాలు లేచి వెళ్ళి చెక్క పట్టుకొచ్చింది. నేను కళ్ళు మూసుకున్నాను. ఇంకా ఎన్ని గుడ్లు గీసిందో.

"పద్నాలుగు రోజులు చూశామండి. రోజుకి మూడు కాపలాలు. నలభై రెండు."

"నలభై రెండు గుడ్లా?" అన్నారు రత్నాకర్ గారు.

"గుడ్లు కాదండీ! సున్నాలు." ఆ మాత్రం తెలియదా అన్నట్టు ఆయన్ని చూసింది. "కాపలా అయ్యాక ఏమీ లేకపోతే సున్న పెట్టేవోళ్ళం. గుడ్డుంటే గుడ్డు బొమ్మ, పిల్లుంటే పిల్ల బొమ్మ పెడదామనుకున్నాం. గూడెందుకంటే, ఏది వచ్చినా మెత్తగా పడాలిగదండీ."

పద్దెనిమిది సున్నాల్ని చూసి పద్దెనిమిది గుడ్లని రాసుకున్నది నేను. ఈ పుస్తకంలోనే ఉంది, కొట్టెయ్యను.

"అయితే జవాబేంటమ్మా?"

"ఇంకా చూత్తన్నామండి."

"అలా కాదు. రెండిట్లో ఒకటి చెప్పాలి."

నేను ఆయన వెనకాల నిలబడి రెండు చేతులూ ఊపి, పిల్లని ఎత్తుకున్నట్టు అభినయించాను. పేరంటాలు నన్ను చూసింది. చూసి కూడా తల అడ్డంగా ఊపింది.

"పంతులమ్మగోరు పిల్లని కంటదన్నారండి. పెట్టెమ్మ గుడ్డు పెడుద్దందండి. ఇద్దరూ చూళ్ళేదంట. మీరు చూశారాండి?"

రత్నాకర్ గారు బుల్లెమ్మ వైపు చూశారు. బుల్లెమ్మ ఆయన వైపు చూసింది. ఆయన స్టూలు మీద ఇంకొంచెం పైకి జరిగారు.

"లేదు. కానీ జవాబుల కాగితంలో..."

"పండుగప్ప కప్ప అని కూడా అందులోనే ఉందిగదండి."

నేను ఏడుస్తున్నానని ఆలస్యంగా తెలిసింది. భయంతో కాదు. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాను. చూడకుండా చెప్పను అన్న పిల్ల నా బళ్ళోంచి ఒక్కతి వచ్చింది. ఆ ఒక్క మాట చెప్పనందుకే దాన్ని గట్టు మీదికి పట్టుకుపోతారు.

రత్నాకర్ గారు స్టూలు దిగారు. కాగితం తిరగేసి వెనక వైపున్న నియమాలు చదువుకున్నారు. పిల్లల పుట్టిన తేదీలు అడిగారు. నేను చెప్పాను. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నారు. పదో ప్రశ్న ఎదురుగా నెమ్మదిగా రాసి, పైకి చదివారు.

"పదో జవాబు విషయమై విద్యార్థులు జరుపుతున్న పరిశీలన ఇంకా పూర్తికాలేదు. పరిశీలన పూర్తయ్యాక మార్కు వేయబడును. అంతవరకు ఫలితము నిలిపివేయడమైనది."

"అంటే ఎప్పటిదాకా అండీ?" అన్నాను.

"గాడిద చూలు ఏడాది అని చదివాను. అది కూడా చూడలేదు" అని ఆయన మొదటిసారి నవ్వారు. "ఆడది ఒక్కటే ఉంటే పరిశీలన ముందుకి సాగదు. మగదాన్ని కూడా పంపిస్తాను. ఫలితం తేలకుండా బడి మూయడానికి లేదమ్మా. వచ్చే యేటికి వీళ్ళకి ఏడు నిండుతాయి. ఏడు నిండినవాళ్ళని హాస్టల్లో చేర్చుకోరు."

నాకు నోట మాట రాలేదు. ఇలా జరగడం నా జీవితంలో ఇదే మొదలు.

బోటెక్కించడానికి ఆయన చెయ్యి పట్టుకున్నప్పుడు, మీరెందుకండీ ఇదంతా అని అడిగాను. ఆయన నీళ్ళ వైపు చూడకుండా జాగ్రత్తపడుతూ, "నన్ను అయిదో యేట హాస్టల్లో వేశారమ్మా" అన్నారు.

బోటు కదిలీ కదలగానే ధనకొండ కట్టడి తెంచేసింది. ఊళ్ళో ఉన్నవాళ్ళందరినీ పేరుపేరునా కుక్కల్ని, కోతుల్ని, పందుల్ని చేసి, ఏడుస్తూ నవ్వుతూ తిట్టింది. ఎవరికీ కోపం రాలేదు. కొర్లయ్య ఇంకొక్కసారి తిట్టమని అడిగి మరీ తిట్టించుకున్నాడు.

పరీక్ష అయ్యాక 12వ రోజు

మాటిచ్చినట్టే నిన్న రెండో గాడిద వచ్చింది. మగది, ఆరేళ్ళది. దించడానికి పదకొండు మంది పట్టారు. ప్రస్తుతానికి రెండూ తెప్పకి ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి నిలబడి సముద్రం వైపు చూస్తున్నాయి. పిల్లలు చెక్క కడిగి కొత్తగా మొదలుపెట్టారు. ఇప్పటికి మూడు సున్నాలు.

మధ్యాహ్నం ఏడుగురూ వచ్చి నా ముందు కూర్చున్నారు. పేరంటాలు అడిగింది, "రెండో గాడిద ఎందుకండీ? చూడ్డానికి ఒకటి సరిపోద్దిగదా?"

ఈ పాఠం పుస్తకంలో లేదు. పెట్టెని అడగమని చెబుదామనుకుని, మా ఊరివాళ్ళ నోళ్ళు గుర్తొచ్చి ఆగిపోయాను. "తోడుకి" అన్నాను.

పేరంటాలు బుల్లెమ్మ వైపు చూసింది. జడ ఒక పక్క ధనకొండ అల్లినట్టు బిగువుగా ఉంది, ఇంకో పక్క తనే అల్లుకున్నట్టుంది, సగం ఊడిపోయింది.

"తోడు కాదండీ" అంది. "పొద్దున్నే అది ఇంకా ఏడుత్తానే ఉంది. దానికి వాళ్ళమ్మ కావాలి. వాళ్ళమ్మని పంపమని రాయండి."

గట్టు కార్యాలయానికి అలాంటి అభ్యర్థన ఎలా రాయాలో, ఏ కాగితం మీద రాయాలో నాకు తెలియదు. అయినా కూర్చుని రాశాను. పిల్లలు చెప్పింది చెప్పినట్టే రాసి, ఏడుగురి చేతా కింద బొగ్గు వేలిముద్రలు వేయించాను. పైన కార్యాలయం పేరు రాయబోయి మానేసి, రత్నాకర్ గారి పేరు రాశాను. రేపటి బోటులో వెళుతుంది.